ఎలిమెంటు కన్నా ముందు ఎర్తు

ఈ నెలలో ఇది నాలుగో ఫోను. "బాబూ, మీ మావయ్యగారి టీ డ్రమ్ముకి నీళ్ళు కాచే కరెంటు ఎలిమెంటు బిగించారంట కదా, అది ఎక్కడ దొరుకుతాదండి, ఎన్ని వాట్లది కొనమంటారు" అని. ఒకాయనది ఆమదాలవలసలో కర్రీ పాయింటు, ఒకాయనది నరసన్నపేట పక్క పెళ్ళి వంటల కేటరింగు, ఇంకొకావిడ హాస్టలు నడుపుతున్నారు, పిల్లల స్నానాలకి వేణ్ణీళ్ళు కావాలి. అందరినీ నేను అడిగేది ఒక్కటే, మీ దగ్గర ఎర్త్ ఉందా అని, అంటే దారి తప్పిన కరెంటుని నేలలోకి దింపేసే తీగ. "ఉందండీ, మూడు కన్నాల సాకెట్టే" అంటారు. మూడో కన్నం సరేనండీ, దాని వెనకాల తీగ ఉందా, ఆ తీగ రెండో కొస ఎక్కడుంది అంటే అవతల కాసేపు ఏమీ వినపడదు. తర్వాత "అది మా కరెంటు మేస్త్రికి తెలుస్తాదండి" అంటారు. ఇద్దరు ముగ్గురు మేస్త్రిల్ని కూడా అడిగి చూశాను, వాళ్ళకీ తెలీదు.

అంచేత ఒకసారి మొత్తం రాసి పడేస్తున్నాను, అయిదో ఫోను వస్తే ఇదే పంపిస్తాను. గుండిగకి కన్నం పెట్టి ఎలిమెంటు బిగించడం అరపూట పని, అది చూసి అందరూ మురిసిపోతారు, ఫొటోలు తీసుకుంటారు. అసలు పని గోడలోనూ నేలలోనూ ఉంటుంది, కనపడదు, కనపడదు కాబట్టి దానికి ఎవరూ రూపాయి పెట్టరు. ఆ రూపాయి పెట్టడం ఇష్టం లేనివాళ్ళు ఎలిమెంటు కొనకండి, శుభ్రంగా గ్యాస్ మీదే కాచుకోండి. ఇలా అంటే కొంతమందికి కోపం వస్తోంది, రానీండి.

నేను ఈ విద్య నేర్చుకున్నది టీ కోసం కాదు, బీరు కోసం. (మా అమ్మ ఇది చదవదు, అప్ప చదువుతుంది గానీ దానికి ఎప్పుడో తెలుసు.) అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఏడేళ్ళున్నాను, అక్కడ ఇంట్లో బీరు కాచుకోవడం తప్పు కాదు. 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో కేంద్రం వైపు నుంచి దారి దొరికింది, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గేలన్ల దాకా కాచుకోవచ్చు, అమ్మకూడదు అంతే. రాష్ట్రాల లెక్క వేరే, అలబామా మిసిసిపీ వాళ్ళు 2013 దాకా ఒప్పుకోలేదు. మా ఆఫీసులో ఒకాయన ప్రతి శనివారం కాచేవాడు, చలికాలంలో ఇంకేం పని లేక నేనూ తగులుకున్నాను.

పని చెప్పాలంటే మన ఇళ్ళలో పానకం పట్టడం కన్నా పెద్ద కష్టం కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, మాల్టు అంటారు, నలగ్గొట్టి 65, 67 డిగ్రీల నీళ్ళలో ఒక గంట ఉంచితే అందులో పిండి అంతా చక్కెరగా మారుతుంది, ఆ తియ్యటి నీళ్ళని వర్ట్ అంటారు, దాన్ని వడకట్టి ఇంకో గంట తెర్లబెట్టి మధ్యలో చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి, చల్లార్చి ఈస్టు కలిపి మూత పెట్టేస్తే మిగతాది ఈస్టు చూసుకుంటుంది. తంటా అంతా ఆ తెర్లబెట్టే గంటలోనే. పాతిక లీటర్ల పైన ద్రవం, మూత తీసి, కళపెళా మరగాలి, సన్నగా కుతకుతలాడితే చాలదు, మాల్టు నుంచి వచ్చే ఉడికిన మొక్కజొన్న లాంటి వాసన ఆవిరితో పాటు బైటికి పోవాలి కదా. ఇంట్లో పొయ్యికి అంత సత్తా లేదు. అంచేత అందరూ గ్యారేజీలో ప్రొపేన్ బర్నరు పెట్టేవాళ్ళు, బైట మైనస్ పది, గ్యారేజీ తలుపు మూస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో చస్తాం, తెరిస్తే చలికి చస్తాం, మంటలో సగం వేడి గుండిగ పక్కనుంచి ఆకాశానికే పోయేది.

ఎలిమెంటు వైపు వెళ్ళడానికి కారణం ఇదే. ఎలిమెంటు నీళ్ళలోనే మునిగి ఉంటుంది, పుట్టిన వేడంతా నీళ్ళకే. అక్కడ బట్టలారబెట్టే మెషీను కోసం చాలా ఇళ్ళలో 240 వోల్టులు 30 యాంపుల లైను ఉంటుంది, 5500 వాట్ల గీజరు ఎలిమెంటు దానికి కొలిచి చేసినట్టు సరిపోతుంది, 23 యాంపులే లాగుతుంది. బార్లీ నానబెట్టడం అయ్యాక 67 డిగ్రీల దగ్గరున్న 26 లీటర్లు పదకొండు పన్నెండు నిమిషాల్లో మరుగుకి వచ్చేసేవి. మొదటిసారి చూసి నేను గడియారం ఆగిపోయిందనుకున్నాను.

అక్కడ ఎలిమెంటు కొనేటప్పుడు మన గీజర్లు కొనేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగేవాళ్ళు, చదరపు అంగుళానికి ఎన్ని వాట్లు అని. మామూలు గీజరు ఎలిమెంట్లు కొన్ని చదరపు అంగుళానికి 150 వాట్ల దాకా ఉంటాయి, పొట్టిగా ఉంటాయి, పైన భగ్గుమంటుంటుంది, మంచినీళ్ళకి పరవాలేదు గానీ చక్కెర నీళ్ళయితే ఎలిమెంటు ఒంటికి అంటుకుని మాడిపోయి బీరంతా మాడు వాసన. అందుకని అదే 5500 వాట్లని పొడుగ్గా, వెనక్కి మడిచి, చదరపు అంగుళానికి 50 ప్రాంతంలోకి దించిన రకం కొనేవాళ్ళు. వాట్లు అవే, వేడి అదే, పరుచుకున్న చోటు ఎక్కువ. ఒకే పిండిని చిన్న పెనం మీద దిబ్బరొట్టెలా వేస్తావా పెద్ద పెనం మీద పల్చగా తిప్పుతావా అన్నట్టు. ఈ సంగతి తర్వాత మన చోడి (రాగుల) అంబలి దగ్గర మళ్ళీ వస్తుంది, అప్పుడు నేను ఎంత వెధవ పని చేశానో కూడా చెప్తాను.

ఊరొచ్చేటప్పుడు ఆ గుండిగనీ, కొత్త ఎలిమెంటు ఒకదాన్నీ సామాన్లలో వేసుకొచ్చాను. ఇక్కడ బీరు కాచే ఆలోచన లేదు, ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో కాచడం నేరం, 1968 నాటి చట్టం, అది మంచిదా చెడ్డదా అని వాదించే ఓపిక నాకు లేదు. గుండిగ మాత్రం తుప్పు పట్టని మంచి 304 రకం స్టీలు, వదిలెయ్యబుద్ధి కాలేదు. పెరట్లో పెట్టి తోముతుంటే గోడ మీంచి పక్కింటి తాతగారు తొంగి చూసి "ఓర్నాయనో, కుళాయేటి, గొట్టాలేటి, సారా బట్టీ ఎట్టేసినావేట్రా గుంటడా?" అన్నారు. కాదు తాతా నీళ్ళు కాచుకోడానికి అంటే "మరి మీ నాన్న కూడా కట్టెల పొయ్యి మీద నీళ్ళే కాచేవోడు, ఆడికి ఇన్ని గొట్టాలు నేవు" అని నవ్వుకుంటూ పోయారు. రెండ్రోజుల్లో వీధంతా తెలిసిపోయింది, ఒకరిద్దరు నిజంగానే మెల్లిగా రేటు కూడా అడిగారు.

మావయ్యకి అరసవల్లి రోడ్డులో టిఫిన్లు, టీ. పొద్దున్న నాలుగుకి లేచి నలభై లీటర్ల నీళ్ళు గ్యాస్ మీద పెట్టడం, ఆ నీళ్ళే టీకి, ఇడ్లీ పాత్రలకి, చట్నీ గిన్నెలు కడగడానికి. షెడ్డు చిన్నది, రేకుల కప్పు, ఏప్రిల్ మే నెలల్లో రెండు బర్నర్లు వెలిగితే లోపల నిలబడలేం. నేనే నోరు జారి ఎలిమెంటు పెడదాం మావా అన్నాను.

అమెరికా ఎలిమెంటు ఇక్కడ పనికి రాదని అప్పుడే తెలిసింది, రెండు కారణాలకి. మొదటిది మర. అక్కడి ఒక అంగుళం మరలో అంగుళానికి పదకొండున్నర చుట్లుంటాయి, మన దగ్గర దొరికే బీఎస్పీ (బ్రిటిష్ పైపు మర) నట్టులో పదకొండే. చూస్తే తేడా తెలీదు, చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది కూడా, తర్వాత బిగుసుకుపోతుంది. హార్డ్‌వేర్ షాపతను "పానా పెట్టి తిప్పండి సార్, అదే ఎక్కుతాది" అన్నాడు, తిప్పితే ఎక్కదు, మర చెడుతుంది, చెడిన మర దగ్గర నీళ్ళు కారతాయి, కారిన నీళ్ళు ఎక్కడికి వెళ్తాయంటే సరిగ్గా కరెంటు తీగలు తగిలించే చోటికి. రెండోది వోల్టేజి. ఎలిమెంటుకి వోల్టేజి తగ్గితే పవరు అదే లెక్కన తగ్గదు, వర్గం లెక్కన తగ్గుతుంది. 240కి 5500 వాట్లిచ్చేది 230కి 5050 ఇస్తుంది, ఎండాకాలం సాయంత్రం 190కి పడిపోయిందనుకోండి, 3450 దగ్గరికి వచ్చేస్తుంది. అదైనా మామూలు పవర్ ప్లగ్గుకి ఎక్కువే. 230 దగ్గర 22 యాంపులు లాగేదాన్ని 16 యాంపుల సాకెట్టులో గుచ్చితే ముందు సాకెట్టు కరుగుతుంది. దాన్ని అటక మీద పెట్టేశాను.

కొన్నది ఇక్కడి 3000 వాట్ల ఎలిమెంటు, 13 యాంపులు. లెక్క వేసుకోండి, లీటరు నీళ్ళని ఒక డిగ్రీ పెంచడానికి దాదాపు 4.2 కిలోజౌళ్ళు, నలభై లీటర్లు, 28 నుంచి 95 దాకా అంటే 67 డిగ్రీలు, మొత్తం మూడు యూనిట్ల పైన కొంచెం. మూడు కిలోవాట్లతో గంట పైన పడుతుంది, పక్కలనుంచి పోయే వేడి కలిపితే గంటా పది. గోనెపట్టా రెండు మడతలు చుట్టి పైన అల్యూమినియం రేకు కడితే ఆ పది నిమిషాల్లో చాలా వరకు మిగులుతాయి, తీగల పెట్టె వైపు మాత్రం చుట్టకూడదు. అదే పని గ్యాస్ మీదయితే, బైట పెట్టే పెద్ద బర్నరు మీద సగానికి సగం వేడి గాల్లోకి పోతుంది కాబట్టి, అరకిలో అటూ ఇటూ గ్యాస్ అవుతుంది. పంతొమ్మిది కిలోల సిలిండరు ఇలా ముప్పై అయిదు నుంచి నలభై సార్లు కాచుకోడానికి వస్తుందన్నమాట. మీ సిలిండరు ధర, మీ యూనిట్ ధర మీకు తెలుసు, భాగించి చూసుకోండి. కమర్షియల్ మీటరు వాళ్ళకి ఒక రకంగా వస్తుంది, ఇంటి మీటరు వాళ్ళకి ఇంకో రకంగా వస్తుంది, అందరికీ లాభమే అని నేను చెప్పను. మావయ్యకి డబ్బులో పెద్ద తేడా రాలేదు, షెడ్డులో వేడి తగ్గింది, అది చాలంటాడు.

కన్నం సంగతి తొందరగా చెప్పేస్తాను. గుండిగ అడుగు నుంచి మూడు వేళ్ళ ఎత్తున, ఎలిమెంటు మర ఎంతుందో కొలిచి దానికి అర మిల్లీమీటరు ఎక్కువ. డ్రిల్లుతో ఒకేసారి పెద్ద కన్నం పెట్టబోతే స్టీలు చిరుగుతుంది, నేను మెట్లమెట్ల బిట్టుతో కొబ్బరినూనె చుక్కలు వేస్తూ మెల్లిగా తిప్పాను, భయమైతే లేత్ షాపుకి తీసుకెళ్ళండి, అయిదు నిమిషాల పని. అంచులు ఆకురాయితో నునుపు చెయ్యకపోతే సిలికాన్ రింగు కోసుకుపోతుంది. రింగు తిండి సామాన్లకి వాడే సిలికానే కావాలి, నల్ల రబ్బరు మరిగే నీళ్ళలో వాసన కొడుతుంది. ఎలిమెంటు తల ఇనుము మీద పూత అయితే ఆర్నెల్లలో తుప్పు చుక్కలు కనపడతాయి, స్టీలు తల దొరికితే అదే తీసుకోండి. కట్టాక నీళ్ళు నింపి ఒక రాత్రంతా వదిలెయ్యండి, కింద పాత న్యూస్‌పేపరు వెయ్యండి, తెల్లారి పేపరు పొడిగా ఉంటేనే తీగ ముట్టుకోవాలి.

ఇదంతా అందరూ చెయ్యగలరు, చేస్తున్నారు కూడా. ఇప్పుడు ఎర్త్ దగ్గరికి వద్దాం.

ఎలిమెంటు లోపల ఒక సన్నని తీగ చుట్ట ఉంటుంది, దాని చుట్టూ తెల్లటి మెగ్నీషియం ఆక్సైడ్ పొడి, దాని మీద లోహపు గొట్టం. కరెంటుకీ మీ నీళ్ళకీ మధ్య ఉన్నది ఆ పొడి ఒక్కటే. గొట్టం ఎక్కడో పిన్ను మొనంత చిట్లిందంటే, లేకపోతే వెనకాల తీగల దగ్గర తడి చేరిందంటే గుండిగ మొత్తానికి కరెంటు వస్తుంది, స్టీలు గుండిగ, స్టీలు కుళాయి, తడి నేల, తడి చెయ్యి, కాళ్ళకి చెప్పుల్లేని మనిషి. మన టిఫిన్ షెడ్డులో ఇవన్నీ ప్రతిరోజూ ఉంటాయి.

"ఎం.సి.బి. ఉంది కదా" అంటారు. పదహారు యాంపుల ఎం.సి.బి. పడేది, అంటే తనంతట తను కరెంటు ఆపేది, పదహారు యాంపులు దాటినప్పుడు. మనిషి పోవడానికి యాంపులు అక్కర్లేదు, యాంపులో పదోవంతు కన్నా తక్కువ చాలు. అంత కరెంటు మనిషి ఒంట్లోంచి వెళ్తుంటే ఎం.సి.బి.కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎర్త్ ఉన్నా అది నాసిరకం ఎర్త్ అయితే, ఉదాహరణకి ఇరవై ఓములు అనుకోండి, 230ని ఇరవైతో భాగిస్తే పదకొండున్నర యాంపులు, అప్పుడు కూడా ఎం.సి.బి. పడదు, గుండిగ ఒంటి నిండా కరెంటుతో అలా కూర్చునే ఉంటుంది. అందుకే ఆర్.సి.సి.బి. కావాలి, మన మేస్త్రిలు ఇంకా పాత పేరుతో ఇ.ఎల్.సి.బి. అంటారు, ఏ పేరైనా 30 మిల్లీయాంపులది అడగండి. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని చూడటమే దాని పని, తేడా వచ్చిందంటే ఎక్కడికో దొంగతనంగా పోతోందని పట్టేసి టక్కున ఆపేస్తుంది. అమెరికాలో బాత్రూముల దగ్గరా వంటింటి గట్టు దగ్గరా పెట్టేవి 5 మిల్లీయాంపుల దగ్గరే పడతాయి, మన 30 అంత కఠినం కాదు గానీ ప్రాణం కాపాడుతుంది. నేను దానికి పెట్టిన డబ్బు ఎలిమెంటుకి పెట్టినదానికి మూడింతలు, మావయ్య ఇప్పటికీ ఆ బిల్లు గుర్తు చేస్తాడు.

అయితే ఆర్.సి.సి.బి. ఉంది కదా ఎర్త్ ఎందుకు అనేవాళ్ళు కొంచెం చదువుకున్నవాళ్ళు, వాళ్ళతోనే నాకు గొడవ ఎక్కువ. నిజమే, ఎర్త్ లేకపోయినా అది పడుతుంది. ఎప్పుడు? గుండిగని మనిషి ముట్టుకున్నాక, ఆ మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకి పోయాక. ఎర్త్ ఉంటే గుండిగకి కరెంటు తగలగానే ఆ తీగలోంచి పోతుంది, మనిషి ఇంకా అవతల ఉల్లిపాయలు తరుగుతుండగానే పడిపోతుంది. ముట్టుకోకముందు పడాలా ముట్టుకున్నాక పడాలా మీరే చెప్పండి. ఎర్త్ తీగని గుండిగ ఒంటికే బోల్టుతో బిగించాలి, ఎలిమెంటు తలకి తగిలించి ఊరుకోవద్దు, ఆ సిలికాన్ రింగు మధ్యలో అడ్డం ఉంటుంది.

మావయ్య షెడ్డులో మీటరు బోర్డు విప్పితే ఏం కనపడిందో చెప్తాను. సాకెట్టు మూడో కన్నానికి వెనక ఒక చిన్న తీగ ముక్క, అది పక్కనే ఉన్న న్యూట్రల్‌కి (కరెంటు తిరిగెళ్ళే తీగకి) చుట్టి ఉంది. వైరింగు చేసినవాడు తెలివైనవాడే, బల్బు పెట్టి టెస్టు చేస్తే ఫేజుకీ (కరెంటు వచ్చే తీగకీ) ఎర్త్‌కీ మధ్య బల్బు బ్రహ్మాండంగా వెలుగుతుంది, ఓనరు సంతోషిస్తాడు. అంత దొంగ ఎర్త్ ఇంకోటి లేదు. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ తీగ వదులయ్యిందనుకోండి, గాలివానకి మన దగ్గర అవడం ఎంతసేపు, అప్పుడు ఏ లోపమూ లేని గుండిగకి కూడా, ఆన్‌లో ఉన్న బల్బు మీదుగానో ఎలిమెంటు మీదుగానో ఫేజు వచ్చేస్తుంది, రక్షించాల్సిన తీగే మోసుకొచ్చి అప్పజెప్తుంది. ఎర్త్ లేకపోవడం కన్నా ఇది ఘోరం. ఇది చెప్తే ఆ మేస్త్రి "ఇరవై ఏళ్ళుగా ఇలాగే కడతన్నాం బాబూ, ఎవులికీ ఏటీ అవ్వనేదు" అన్నాడు. ఎవరికైనా ఏమైనా అయితే "పాపం షాక్ కొట్టి పోయాడు" అంటాం, న్యూట్రల్‌కి చుట్టిన తీగ ముక్క పేరు ఎవడూ చెప్పడు.

గొయ్యి తవ్వించాం. షెడ్డు వెనకాల, కుళాయి నీళ్ళు పారే చోటికి దగ్గర్లో, మనిషి లోతు దాటి, జి.ఐ. పైపు దింపి చుట్టూ వరసలుగా బొగ్గూ ఉప్పూ, పైన ఒక గరాటు, దాని మీద సిమెంటు మూత. నేల తడిగా ఉంటేనే ఎర్త్ ఎర్త్, ఎండాకాలం గొయ్యి ఎండిపోతే అది పేరుకే. తవ్వుతుంటే పక్కింటి తాతగారు మళ్ళీ వచ్చారు, "ఈసారి కుండలు పాతేస్తన్నావేటి?" అని. సారా కుండలు భూమిలో పాతిపెట్టడం ఆయన కళ్ళారా చూసిన తరం మరి.

నీళ్ళు కాచే కరెంటు రాడ్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎంచేతంటే నా గుండిగని చూసి "అమ్మో కరెంటు, నీళ్ళు, రెండూ కలిపావా" అని గుండె పట్టుకున్నవాళ్ళ ఇళ్ళలో చలికాలం పొద్దున్న చూడండి. ప్లాస్టిక్ బకెట్లో రాడ్డు వేలాడుతుంటుంది, అంచుకి ఒక కర్రముక్క అడ్డం, తీగ తలుపు సందులోంచి వస్తుంటుంది, ప్లగ్గుకి రెండే పిన్నులు కొన్నిసార్లు, నీళ్ళు కాగాయా అని వేలు పెట్టి చూస్తారు స్విచ్చి ఆన్‌లో ఉండగానే. నా గుండిగలో ఎలిమెంటు బిగించి ఉంది, వెనకాల తీగలు పెట్టెలో మూసి ఉన్నాయి, ఒంటికి ఎర్త్ ఉంది, ముందు ఆర్.సి.సి.బి. ఉంది, అయినా అదే వీళ్ళకి భయం. రోజూ చూసేది భయం వెయ్యదు కాబోలు.

ఇప్పుడు అంబలి. ఎలిమెంటు అన్నిటికీ పనికొస్తుందని వాదించే దశ ఒకటి నాకూ వచ్చింది, ఎండాకాలం మావయ్య చోడి అంబలి కూడా పెడతాడు, నలభై లీటర్లు కలపడం చేతులు పడిపోయే పని, ఎలిమెంటు గుండిగలోనే కాచేద్దాం అన్నాను. వర్ట్ కాచినవాణ్ణి, నాకు తెలీదా అన్న గర్వం. వర్ట్ పల్చటిది, అదీ పరుచుకున్న వేడి ఉన్న ఎలిమెంటు మీద. ఇక్కడ పొట్టి ఎలిమెంటు, చిక్కటి పిండి. పది నిమిషాల్లో ఎలిమెంటు చుట్టూ పిండి గట్టిపడి ముద్దలా పట్టుకుంది, ముద్ద లోపల వేడి బైటికి పోలేక మాడింది, మాడు వాసన అరసవల్లి గుడి దాకా వెళ్ళుంటుంది. నలభై లీటర్లు పారబోశాం, ఎలిమెంటు గీకడానికి రెండ్రోజులు పట్టింది. అప్ప ఫోన్లో "అంబలికి ఇంజనీరు ఎందుకురా" అంది. పాలు కూడా అంతే, సాంబారు కూడా అంతే, చిక్కటిది ఏదైనా సరే గ్యాస్ మీద, గరిటెతో, అడుగంటకుండా. ఎలిమెంటు నీళ్ళకి, డికాక్షన్‌కి, పల్చటి వాటికి. ఈ తేడా ఒప్పుకోనివాళ్ళు నా దగ్గరికి రావద్దు, నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను.

ఇంకో నష్టం కూడా చెప్పేస్తాను. పనిచేసే గుంటడు ఒకరోజు గుండిగలో నీళ్ళు నింపకుండా స్విచ్చి వేశాడు. నీళ్ళు లేని ఎలిమెంటు నిమిషంలోనే ఎర్రబడుతుంది, ఆ మొదటి ఎలిమెంటు అలా పోయింది. వాడి తప్పు కాదు, నాది, నీళ్ళు ఒక ఎత్తుకి రాకపోతే కరెంటు వెళ్ళకుండా చేసే ఫ్లోట్ స్విచ్చి ఖర్చు దండగ అని మానేసింది నేనే. రెండోసారి పెట్టాను. పెద్ద లోడు నేరుగా చిన్న స్విచ్చి మీద వెయ్యకుండా మధ్యలో కాంటాక్టరు పెట్టాను, చిన్న స్విచ్చి చెప్తే పెద్ద కరెంటుని కలిపేది అదే, అమెరికాలో ఇదే పనికి వాడిన ఎలక్ట్రానిక్ రిలే అటక మీదే ఉంది, అవి పాడైతే ఆఫ్‌లో కాదు ఆన్‌లో ఇరుక్కుపోయే రకం, గుంటడి చేతికి అది ఇవ్వలేను.

సిలిండరు అమ్మేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం వైపు ఊళ్ళు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, అంతకు నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్ కూడా అక్టోబరే. మన జిల్లాలో కరెంటు మీదే పూర్తిగా ఆధారపడే వంటగది కట్టేవాడు దసరా దాటేదాకా ఆగి కట్టాలి.

పోయిన రథసప్తమికి జరిగింది చెప్పి ఆపేస్తాను. అర్ధరాత్రి నుంచే అరసవల్లిలో జనం, క్యూలు రోడ్ల మీదకి, చలి, అందరికీ టీ కావాలి. మావయ్య గుడికి దగ్గర్లో ఒకరి ఇంటి ముందు పందిరి వేసుకుని, వాళ్ళింట్లోంచి కరెంటు తీసుకున్నాడు. ఆ ఇంటి ఎర్త్ నమ్మలేక పందిరి పక్కన రాగి పూత రాడ్డు దింపి బకెట్టు ఉప్పునీళ్ళు పోసి వేరే తీగ లాగాను, ఆర్.సి.సి.బి. పెట్టెతో సహా మొయ్యాల్సొచ్చింది. రెండు గంటలకి, జనం మంచి ఊపులో ఉన్నప్పుడు, టక్. మళ్ళీ వేశాను, మళ్ళీ టక్. మావయ్య చేతిలో స్ట్రెయినరు, ముందు యాభై మంది, "ఒరే, ఆ డబ్బా తీసీసి డైరెట్టు కొట్టీరా, తెల్లారాక సూసుకుందాం" అంటున్నాడు. పక్క టీకొట్టాయన కూడా "మా దాంట్లో ఆ డబ్బానే నేదు, పదేళ్ళయ్యింది" అని వంత. నేను ప్లగ్గు పీకి జేబులో పెట్టుకున్నాను, మా ఇద్దరికీ ఆ రాత్రి మాటలు పెరిగాయి, ఎంత మాటలంటే మావయ్య నన్ను అందరిలో "అమెరికా ఎదవ" అన్నాడు, నేను కూడా అనకూడనిది ఒకటి అన్నాను. గ్యాస్ మీద రెండో డేగిసా పెట్టి టీ నడిపించాం, ఆలస్యమైంది, కొంతమంది పక్క కొట్టుకి వెళ్ళిపోయారు.

పెట్టె విప్పితే మూత కింద రబ్బరు ఒక పక్క మడతపడి ఉంది, ఎవరో గుండిగ కడిగినప్పుడు నీళ్ళు లోపలికి చేరాయి, ఫేజు తీగ తల దగ్గర తడి మెరుస్తోంది. గుడ్డతో తుడిచి, పొయ్యికి దూరంగా కాసేపు ఆరబెట్టి, రబ్బరు సరిచేసి బిగించాను. మూడూ ఇరవైకి మళ్ళీ వేస్తే పడలేదు, తెల్లారి పది దాకా నడిచింది. ఆ తడి ఉన్నప్పుడు డైరెక్టు కొట్టి ఉంటే కుళాయి తిప్పేది మావయ్యే, కాళ్ళకి చెప్పులు కూడా లేవు ఆ రోజు, గుడి దగ్గర కదా అని విప్పేసి నిలబడ్డాడు.

నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు గుంటడు ఫోన్ చేసి, ఆర్.సి.సి.బి. మీద "టి" అని రాసున్న బొత్తాం నొక్కితే కరెంటు పోతోంది, పాడైపోయిందేమో అని మావయ్య అడగమన్నాడని చెప్పాడు. పాడవలేదు, దాని పనే అది, నెలకోసారి నొక్కి చూసుకోమను, ఎండలు ముదిరితే గోతిలో రెండు బకెట్ల నీళ్ళు పొయ్యమను అన్నాను. నీళ్ళు పోస్తున్నాడా అని అడిగితే "మా గొప్పగా పోస్తన్నాడు, కరేపాకు మొక్క కూడా ఎట్టేసినాడు అక్కడ" అన్నాడు.